రెండో పేజీలో కనపడని బటన్

బోయిన్‌పల్లి, సికింద్రాబాద్
24 అక్టోబర్ 2007

లోవా,

దసరా బాగా జరిగిందా? మా ఆఫీసులో శుక్రవారమే ఆయుధ పూజ చేసేశాం. పదకొండు కంప్యూటర్లకూ గంధం, కుంకుమ పెట్టి, కీబోర్డుల మీద బంతిపూలు పెట్టాం. ఒక రేక నా కీబోర్డు మీటల కిందికి దూరి ఇవాళ్టికీ బయటికి రాలేదు. పన్నెండో కంప్యూటర్ మాత్రం పూజ చేయించుకోలేదు. పోయిన వారమే దాన్ని పాత సామాన్లవాడికి ఇప్పించేశాను. నువ్వూ నేనూ ప్యాట్నీ దగ్గర కంప్యూటర్ క్లాసుకు వెళ్ళిన రోజులనాటి సరుకు అది. అందులో ఉన్న బ్రౌజర్ కూడా ఆ కాలానిదే.

ఆరేళ్ళుగా ఆ బ్రౌజర్‌తో నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు! ఏ బ్రౌజర్‌లో చూసినా పేజీ ఒకేలా కనపడాలని పెద్దవాళ్ళంతా కూర్చుని నియమాలు రాసి పెడితే, ఆ ముసలిది మాత్రం నా లెక్క నాదే అంటుంది. నేను చేసే ప్రతి పేజీకీ దానికోసం విడిగా అతుకులు వేయాలి. ఇక చాలనుకున్నాను. కొత్త పేజీకి ఒక్క అతుకు కూడా వెయ్యనని మా హరికిషన్ సార్‌తో పోట్లాడి గెలిచాను. "నీ మర్జీ అమ్మా. జెర చూస్కొని చెయ్. మళ్ల నాకు పరేషాన్ తేకు" అన్నారు. అన్నారు కానీ మొహం ముడుచుకున్నారు.

ఆ పేజీ దేనికో చెప్తే ఎగిరి గంతేస్తావు. బొల్లారంలో వినపడని పిల్లల బడి ఉందని చెప్పానే, ఆ ట్రస్టు వాళ్ళది. వినపడని బిడ్డకు చదువు ఎలా చెప్పాలో వచ్చే జూన్ నుంచి తల్లులకు ఏడాది శిక్షణ ఇస్తారట. తల్లీ బిడ్డా అక్కడే హాస్టల్లో ఉండవచ్చు, బిడ్డను బడిలో చేర్చుకుంటారు. ఉన్నవి ఇరవై సీట్లే. తల్లి వయసు ముప్ఫై ఐదు దాటకూడదు. నీకు వచ్చే శ్రావణానికి ముప్ఫై ఐదు నిండుతాయి కాబట్టి ఈసారి తప్పితే మళ్ళీ లేదు. దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే పెట్టాలి, మీ దేవి వినికిడి సర్టిఫికెట్ నంబరు కూడా వెయ్యాలి. నవంబర్ 30 గడువు. నేను చేసిన పేజీలో నువ్వు దరఖాస్తు పెడతావని తలుచుకుంటేనే నాకు నవ్వాగడం లేదు.

నేను ఫోన్ చేస్తే దేవి ఏమీ వినపడక నీ మొహం చూస్తూ ఊరికే కూర్చుంటుందని నువ్వన్నావు. అప్పటి నుంచి ఫోన్ మానేశాను. ఉత్తరమైతే అదీ చూస్తుంది. కింద దానికోసం పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

బంతిపువ్వు. పసుపు రంగు. మా అమ్మ నా జడలో పెట్టింది.

నీ లత


తుని
6 నవంబర్ 2007

లతా,

నీ ఉత్తరం మూడు రోజులుగా దేవి దగ్గరే ఉంది. నాకు చదువుకోవడానికి కూడా అడిగి తీసుకోవాల్సి వచ్చింది. బంతిపువ్వు అని వేలు పెట్టి చూపించి, పక్కింటి దొడ్లోకి వెళ్ళి ఒకటి కోసుకొచ్చి ఆ మాట మీదే పెట్టింది. వాళ్ళావిడ తిట్టిందనుకో. తిట్టు దేవికి వినపడలేదు కాబట్టి నేనే పడ్డాను.

మా ఆయన కూడా ఉత్తరం చదివారు. లారీ ఆఫీసులో బుకింగు గుమాస్తా కదా, ఏ కాగితమైనా రెండుసార్లు చదివితేగాని వదలరు. "యేటే, యింకా ఆలోచిస్తన్నావా? యెల్లు" అన్నారు. ఏడాది పాటు అన్నం ఎవరు వండుతారంటే, "హోటలోడికి సెప్తాలే" అన్నారు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడి బడిలో దేవిని ఈ ఏడాది కూడా రెండో తరగతిలోనే కూర్చోబెట్టారు. చివరి బల్ల. టీచర్ మంచిదే, కాని నలభై మంది పిల్లలతో ఆవిడ మాత్రం ఏం చెయ్యగలదు! మొన్న నేను వెళ్ళేసరికి బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. ఎనిమిదేళ్ళ పిల్ల, రోజంతా నిద్రపోయి ఇంటికి వస్తోంది. నాకు ఆ సీటు కావాలి లతా. ఇంత గట్టిగా నేను ఏదీ కోరుకోలేదు.

దేవి వినికిడి సర్టిఫికెట్ నంబరు వెయ్యాలన్నావు. అది కాకినాడ నుంచి ఇరవై అయిదుకు వస్తుందట. రాగానే స్టేషన్ దగ్గర జీవరాజు గారి నెట్ సెంటర్‌కి వెళ్తాను. అక్కడి కంప్యూటర్లు చూస్తే నువ్వు మొహం తిప్పుకుంటావు. మీ పాత సామాన్లవాడు ఇటుగా వస్తే ఆయన సెంటరే కొనేస్తాడు.

లోవ


తుని
4 డిసెంబర్ 2007

లతా,

నేను దరఖాస్తు పెట్టలేదు. మా ఆయన ఒప్పుకోలేదు. ఏడాది అంటే మాటలు కాదు కదా. ఆలోచిస్తే నాకూ అదే సరి అనిపించింది.

నీ పేజీ చాలా బాగుంది.

దేవి కులాసా.

లోవ


బోయిన్‌పల్లి, సికింద్రాబాద్
10 డిసెంబర్ 2007

లోవా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నమ్మబుద్ధి కావడం లేదు. పోయిన నెల "యెల్లు" అన్న మనిషి ఈ నెల ఎలా కాదంటారు? రమణబాబు అన్నయ్యను నేను ఇన్నాళ్ళూ దేవుడి లాంటి మనిషి అనుకున్నాను. ఈ ముక్క ఆయనకు చదివి వినిపించు: అన్నయ్యా, పిల్ల బల్ల మీద నిద్రపోతుంటే మీకు హోటల్ భోజనం అంత కష్టమైందా?

నీ మీదా కోపంగానే ఉంది. క్లాసులో అందరికంటే ముందు టైపింగు నేర్చుకున్నది నువ్వు. మౌలాలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేదానివి, ఒక్కరోజు మానలేదు. ఆ లోవ ఎక్కడికి పోయింది? మా అమ్మ, "నువ్వెందుకే గంత గరమైతవ్, ఆళ్ల ఇంట్ల ఏమున్నదో నీకెర్కనా" అంటోంది. నాకు తెలియదు. నువ్వు చెప్పడం లేదు.

దేవికి ఈసారి ఏమీ రాయలేకపోతున్నాను.

లత


బోయిన్‌పల్లి, సికింద్రాబాద్
20 డిసెంబర్ 2007

లోవా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న ట్రస్టు వాళ్ళు దరఖాస్తుల జాబితా అడిగితే తీశాను. పూర్తయినవి నూట పన్నెండు. వాటి కింద సగంలో ఆగిపోయినవి ఇంకో జాబితా ఉంది. మొదటి పేజీలో పేరు, ఊరు, చిరునామా నింపి, రెండో పేజీ దాటని వాళ్ళు. అరవై ముగ్గురు. అందులో నీ పేరుంది.

ఒకసారి కాదు, పదకొండు సార్లు. నవంబర్ 28న నాలుగు, 29న రెండు, 30న అయిదు. ఆఖరుది సాయంత్రం అయిదూ యాభై రెండుకి. పేరు పక్కనే ఏ బ్రౌజర్ వాడారో కూడా ఉంటుంది. అరవై ముగ్గురిదీ ఒకటే. నేను ఆఫీసు నుంచి పంపించేసిన ఆ పాత బ్రౌజర్.

ఏం జరిగిందో నీకు చెప్పాలి. పేజీలో ప్రతిదాన్నీ ఒక పెట్టెలో పెడతాం. పెట్టె ఇంత వెడల్పు, ఇంత ఎత్తు అని రాస్తాం. నియమం ప్రకారం ఆ కొలత లోపలి చోటుది, చుట్టూ వదిలే అంచు దానికి అదనం. పాత బ్రౌజర్ అంచును కూడా కలిపి కొలుస్తుంది. అందువల్ల దాని పెట్టె చిన్నదైపోతుంది. నేను రెండో పేజీని పెట్టెలో సరిగ్గా పట్టేలా అమర్చాను. పట్టనిది ఏదైనా ఉంటే చూపించవద్దని కూడా నేనే రాశాను, చూడ్డానికి చక్కగా ఉంటుందని. పాత బ్రౌజర్‌లో పట్టకుండా పోయింది అన్నిటికంటే అడుగున ఉన్న 'పంపించు' అనే బటన్. నువ్వు మూడు రోజులు దానికోసం వెతికావు. నేనేమో అన్నయ్యను తిట్టాను.

పరీక్షించడానికి ఆ పాత కంప్యూటర్ ఉండి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. దాన్ని పంపించేసింది నేనే, గొప్పగా నీకు రాసిందీ నేనే.

లోవా, నువ్వెందుకు చెప్పలేదు?

ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. ఇంటర్వ్యూలకు ఇంకా ఎవరినీ పిలవలేదు. రెండో పేజీలో అడిగినవి నాకు రాసి పంపు. నేనే నింపి నీ దరఖాస్తును జాబితాలో కలిపేస్తాను. ఎవరూ అడగరు.

లత


తుని
27 డిసెంబర్ 2007

లతా,

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించాను. ముందు ఉత్తరం కూడా వినిపించాను, హోటల్ భోజనం ముక్కతో సహా. అప్పుడు ఆయన, "తిట్టనీలే, సెల్లెలేగా" అని లారీ ఆఫీసుకు వెళ్ళిపోయారు. నా అబద్ధానికి ఆయన మాట పడ్డారు. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మొదటి రోజు నేను చేతకాకనే ఇలా అయిందనుకున్నాను. రెండో రోజు జీవరాజు గారు కంప్యూటర్ మార్చి కూర్చోబెట్టారు. మూడో రోజు మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. ముగ్గురం ఆ తెర ముందు కూర్చుని పైకీ కిందికీ చూశాం. ఊళ్ళో ఇంకో సెంటర్ ఉంది, అక్కడా అవే కంప్యూటర్లు. సాయంత్రం ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి నీకు ఫోన్ చేశాను. నవ్వుతూ హలో అన్నావు. వెనక మీ ఆఫీసు వాళ్ళు కూడా నవ్వుతున్నారు. పెట్టేశాను.

ఎందుకంటే ఆ పాత బ్రౌజర్‌తో ఆరేళ్ళు పాట్లు పడి వదిలించుకున్నానని నువ్వు అంత సంతోషంగా రాశావు, ఇక్కడున్నదీ అదేనని నాకు అనుమానం వచ్చింది. నాకోసం మళ్ళీ అతుకు వెయ్యమని ఎలా అడగను? నువ్వు గెలిచానన్న పేజీ నా దగ్గర ఓడిపోయిందని ఎలా చెప్పను? నేను ఇబ్బంది పెట్టే మనిషిని కాదని చిన్నప్పటి నుంచీ అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఇంత చెడ్డదని ఇప్పుడు తెలిసింది. దేవి బడిని దానికి బలి ఇచ్చాను.

నీ పెట్టె సంగతి విని మా ఆయన, "మా ఆఫీసులోనూ పెట్టె తెస్తే బయటి కొలతే గదే ఏసేది! ఆ ముసలి బ్రౌజర్ తప్పేటుందని?" అన్నారు. నీకు కోపం వస్తుందని తెలిసీ రాస్తున్నాను.

ఇక అసలు మాట. నా ఒక్కదాని దరఖాస్తు నువ్వు నింపవద్దు. మిగతా అరవై రెండు మందీ నాలాగే ఎక్కడో తెర ముందు కూర్చుని తమకు చేతకాలేదనుకుని ఇంటికి వెళ్ళి ఉంటారు. వాళ్ళ పిల్లలూ ఏ బల్ల మీదో నిద్రపోతుంటారు. వాళ్ళకు ఫోన్ చేసి పెట్టేయడానికి కూడా నీ నంబరు లేదు. పేజీ బాగు చెయ్యి. నేను జీవరాజు గారి సెంటర్లోనే కూర్చుని నా వేలితో నొక్కుతాను. అది కుదరకపోతే నాకు సీటు వద్దు. ఈ మాట అబద్ధం కాదు.

లోవ


బోయిన్‌పల్లి, సికింద్రాబాద్
9 జనవరి 2008

లోవా,

నీ ఉత్తరం అందిన రోజే హరికిషన్ సార్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "గిట్లయితదనే గదా నేను మొత్తుకున్నది! ఇప్పుడు ట్రస్టోల్లకు ఏం చెప్తవ్?" అన్నారు. తప్పు నాదని చెప్తానన్నాను. సార్ లేచి, "నడువ్, నేను సుత వస్త" అని స్కూటర్ తాళం తీసుకున్నారు.

ట్రస్టు కార్యదర్శి విమలమ్మ గారు అంతా విన్నారు. తర్వాత ఆ అరవై మూడు పేర్లూ ఊళ్ళతో సహా పైకి చదివారు. చదవడం అయ్యేసరికి నేను ఏడ్చేశాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి, "వీళ్ళకు ఇంటర్నెట్‌లో చెప్తే తెలియదు కదమ్మా. మీరే ఉత్తరాలు రాయండి. అచ్చు వేయించకండి, చేత్తో రాయండి" అన్నారు. గడువు ఫిబ్రవరి పదిహేను దాకా పెంచారు.

నాలుగు రోజులు రాశాను. అమ్మ కవర్లు అంటించి, ప్రతి చిరునామా చూసి, "గీ ఊరు యాడున్నదే?" అని అడిగింది. చాలా ఊళ్ళు నాకూ తెలియవు.

పేజీ బాగు చేయడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా? ఇరవై నిమిషాలు. పాత బ్రౌజర్ కోసం రెండు వరుసలు రాశాను, అంతే. నియమాలేవీ చెడిపోలేదు. కొత్త వాటిలో పేజీ ముందులాగే ఉంది. ఇన్నాళ్ళూ ఇది బ్రౌజర్లకూ నియమాలకూ మధ్య పోట్లాట అనుకున్నాను. తెరకు అటువైపు కూర్చున్న మనిషిని మర్చిపోయాను. మౌలాలిలో ఒక రిటైర్డ్ రైల్వే గార్డు ఇంట్లో పాత కంప్యూటర్ ఉందని తెలిసి, సార్ వెళ్ళి అడిగి తెచ్చారు. నన్ను కొత్త పేజీల పని నుంచి తీసేసి దాని ముందు కూర్చోబెట్టారు. ఆఫీసులో చేసిన పేజీలన్నీ అందులో తెరిచి చూడటమే ఇప్పుడు నా పని. బాధగా ఉంది, కానీ న్యాయమే.

అన్నయ్యకు నా క్షమాపణ చెప్పు. బయటి కొలతే సరైనదని ఒప్పుకున్నానని కూడా చెప్పు.

దేవికి:

తప్పు చేశాను. మళ్ళీ సరిగ్గా చేశాను. ఇప్పుడు బాగుంది.

నీ లత


తుని
23 జనవరి 2008

లతా,

నిన్న నొక్కాను. రెండో పేజీ రాగానే బటన్ అడుగున బుద్ధిగా కూర్చుని ఉంది. జీవరాజు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మౌస్ మీద దేవి వేలు పెట్టి, దాని మీద నా వేలు పెట్టి నొక్కించాను. నంబరు వచ్చింది, 131. నాకంటే ముందే ఎవరెవరో మళ్ళీ వచ్చారన్నమాట. ఆ అంకె చూసి సంతోషమేసింది, భయమూ వేసింది.

ఇంకొకటి. రెండో పేజీలో 'పుట్టిన తేదీ' అన్నచోట దీర్ఘం పైభాగం తెగిపోయి కనపడుతోంది. పాత లోవ అయితే నీకు చెప్పేది కాదు. సరిచెయ్యి.

లోవ


తుని
19 మార్చి 2008

లతా,

ఇంటర్వ్యూ రోజు మీ ఇంట్లో ఉన్నప్పుడు ఎంత ధైర్యంగా ఉన్నానో, నిన్న పోస్టులో వచ్చిన కవరు చింపుతుంటే అంత భయపడ్డాను. సీటు రాలేదు. ఇరవై మందిని తీసుకున్నారు. నాది ఇరవై ఒకటో పేరు.

ఇరవయ్యో పేరు రోసమ్మది. ఆ రోజు వరండాలో నా పక్కన కూర్చుంది చూడు, ఇద్దరు మగపిల్లలతో, ఇద్దరికీ వినపడదు. నువ్వు రాసిన ఉత్తరం మడత పెట్టి జాకెట్‌లో దాచుకుని తెచ్చింది. నా ఒక్కదానికే నువ్వు దరఖాస్తు నింపి ఉంటే ఆ సీటు నాదే. ఈ మాట నీకు తోచే ఉంటుంది, నాకూ తోచింది. రాత్రంతా తోస్తూనే ఉంది. అయినా ఆవిడకు బటన్ కనపడక నాకు సీటు రావాలని కోరుకోలేకపోయాను. అలాగని ఏడవకుండా ఉండలేకపోయాను. రెండూ నిజమే.

అదే కవర్లో విమలమ్మ గారి కాగితం ఇంకొకటి ఉంది. ఆ రోజు ఆవిడ చిన్న చీటీల మీద గ్లాసు, గొళ్ళెం, చెప్పులు అని రాసి దేవికి ఇచ్చారు కదా, అది ఒక్కొక్కటీ తెచ్చి పెట్టింది. చదవడం ఎవరు నేర్పారని అడిగితే ఉత్తరాలని చెప్పాను. దేవిని బడిలో చేర్చుకుంటామని రాశారు. అయితే శిక్షణ తీసుకునే తల్లులకే హాస్టల్. మిగతా పిల్లలు ఇంటి నుంచి రావాలి, తల్లి రోజూ సాయంత్రం ఒక గంట పాఠం దగ్గర కూర్చోవాలి. బొల్లారంలో మాకు ఇల్లెక్కడిది? ఈ కాగితం చేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాను.

లోవ


బోయిన్‌పల్లి, సికింద్రాబాద్
24 మార్చి 2008

లోవా,

ఇల్లెక్కడిదని అడుగుతావా? మా ఇల్లు లేదూ? బొల్లారం బస్సు మా సందు చివరే ఆగుతుంది. నీ ఉత్తరం చదివి వినిపించగానే అమ్మ, "గా పిల్లను, పిల్ల తల్లిని తోల్కరమ్మను. రెండర్రలున్నయ్, మనిద్దరమే ఏం జేస్కుంటం?" అని, లోపలికి వెళ్ళి వెనక గదిలో సామాను సర్దడం షురూ చేసింది. ఆపలేకపోయాను. ఆపాలనీ అనుకోలేదు.

సీటు విషయం నాకూ తోచింది. అబద్ధం చెప్పను, నాకూ రాత్రంతా తోచింది. నీకు ఇవ్వగలిగినది ఒకసారి నా చేతులారా పోగొట్టాను. ఇది దానికి బదులు అనుకోకు. నువ్వు వస్తే నాకు బాగుంటుంది, అందుకే అడుగుతున్నాను. వద్దని రాయకు.

నీ లత


తుని
2 ఏప్రిల్ 2008

లతా,

వస్తున్నాం.

ముందు 'వద్దులే, మీకెందుకు శ్రమ' అని ఒక ఉత్తరం రాశాను. చదివి చించేశాను. మా ఆయన ఆఫీసులో అడిగారు. బోయిన్‌పల్లి బ్రాంచికి మారుస్తారట, కాని దసరా దాకా కుదరదట. అప్పటిదాకా నేనూ దేవీ మీ దగ్గర ఉంటాం.

ఉండబోతున్నాం కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఇంటర్వ్యూకి వచ్చినప్పుడు మీ పప్పు చాలా బాగుందన్నాను. బాగాలేదు. ఆ కారానికి దేవి మజ్జిగన్నమే తింది, నేను నీళ్ళు తాగి పడుకున్నాను. వెనక గదిలో ఫ్యాను చప్పుడు దేవికి సమస్య కాదు కానీ నేను రెప్ప వెయ్యలేదు, నూనె పోయించు. మీ అమ్మగారు దేవిని పిలవడానికి గట్టిగా అరుస్తారు. అరవవద్దని, భుజం మీద చెయ్యి వెయ్యమని చెప్పు. ఆవిడకు నేను చెప్పలేను, ఇంకా అంత ధైర్యం రాలేదు.

జూన్ 8, ఆదివారం ఉదయం రైలు దిగుతాం. నువ్వు స్టేషన్‌కి రానక్కర్లేదు, ఆటోలో వచ్చేస్తాం అని రాసే మనిషిని నేను.

రా.

లోవ